బోరు నీళ్లు పోశాక సిక్లిడ్లు ఎందుకు చనిపోయాయి?

ప్రశ్న: మాది కావలి. ఏడాది క్రితం 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అక్వేరియం పెట్టి ఆఫ్రికన్ సిక్లిడ్లు అనే రంగు చేపలు తెచ్చుకున్నాము. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మొదటి నుంచీ ప్లాంటు నీళ్ల క్యాన్లే పోస్తున్నాము. పోయిన నెల క్యాన్లు రాకపోతే ఐదు బకెట్ల బోరు నీళ్లు పోశాను. తెల్లారేసరికి నాలుగు చేపలు చచ్చి తేలాయి. బోరు నీళ్లే చంపాయని షాపాయన అన్నాడు. ఇప్పుడు పసుపువి ఐదు, నల్ల చారల ఆరేటస్ రెండు, పీకాక్ ఒకటి, ఫ్రంటోసా ఒకటి, ఫ్లవర్‌హార్న్ ఒకటి మిగిలాయి. మేత మా బావగారి గుంటల దగ్గర నుంచి తెచ్చిన వనామీ రొయ్యల ఫీడ్. పసుపు చేపల్లో ఒకటి పది రోజులుగా ఏమీ తినడం లేదు, గొంతు కింద సంచిలా ఉబ్బింది. ఆరేటస్‌లో ఒకటి కూడా తినడం మానేసి, పొట్ట ఉబ్బి, తెల్లటి దారం లాంటి మలం వేస్తోంది. రెండింటికీ ఏం మందు వెయ్యాలి? అసలు ఈ చేపలు మన నీళ్లకు కుదరవా?

జవాబు: ముందు రెండు మాటలు, ఈరోజే అవసరం కాబట్టి. గొంతు ఉబ్బిన పసుపు చేపకు మందు వెయ్యకండి, దానికి జబ్బు లేదు. రెండోది, ట్యాంకులో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే లెక్క) ఎంతుందో కొలిచే దాకా మళ్లీ బకెట్ల కొద్దీ నీళ్లు మార్చకండి. మిగతాదంతా నిదానంగా చెప్పుకుందాం.

మీ చేపలను చంపింది బోరు నీళ్లు కాదు. ఏడాదిగా క్యాన్ల నీళ్లు మాత్రమే పోసిన ట్యాంకులోకి ఒకేసారి బోరు నీళ్లు రావడం వాటిని చంపింది. చేప మొప్పల నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పనిలో నీటిలోని ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే బైకార్బొనేట్, ఖర్చవుతూ పోతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ పోతుంది. బోరు నీళ్లలో ఇది దండిగా ఉంటుంది. ఆర్‌ఓ ప్లాంటు పొర దాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది. కాబట్టి క్యాన్ల నీళ్లతో నడిచే ట్యాంకులో నెలలు గడిచే కొద్దీ పీహెచ్ 7 కిందికి, ఒక్కోసారి 6 దాకా జారుతుంది. అక్కడ ఆ బాక్టీరియా దాదాపు పని మానేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు వెంటనే చావవు. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని వల్ల చేపకు హాని తక్కువ.

28 డిగ్రీల నీటిలో పీహెచ్ 6.2 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం 0.1 శాతం మాత్రమే. అదే నీటిలో పీహెచ్ 7.8కి చేరితే ఆ భాగం 4 శాతం దాటుతుంది, అంటే దాదాపు 40 రెట్లు. సుమారు 200 లీటర్ల మీ నీటిలో ఐదు బకెట్ల బోరు నీళ్లు పడితే పీహెచ్ ఆ మేరకు ఎగబాకడం మామూలే. మొత్తం అమ్మోనియా 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) ఉందనుకుంటే అందులో విషభాగం 0.003 నుంచి 0.13కి పెరిగినట్టు. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. అమ్మోనియా అంతకన్నా ఎక్కువగా పేరుకుని ఉంటే రాత్రి పోసిన నీళ్లకు తెల్లారేసరికి చేపలు చావవచ్చు. షాపాయన చూసింది బోరు నీళ్లు పోయడం, చేపలు చావడం, రెండే. మధ్యలో జరిగింది ఆయనకు కనపడలేదు.

ఇక మన నీళ్లకు కుదరవా అన్న ప్రశ్నకు వస్తే, అలంకరణ చేపల్లో మన జిల్లా బోరు నీళ్లకు ఇంత చక్కగా సరిపోయేవి అరుదు. మీ పసుపు చేపలు, ఆరేటస్, పీకాక్ మలావీ సరస్సు చేపలు. ఆ సరస్సు పీహెచ్ 7.7 నుంచి 8.6 మధ్య, ఆల్కలినిటీ 120 పీపీఎం ప్రాంతంలో, పై నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటుంది. ఫ్రంటోసా పుట్టిల్లు టాంగన్యీకా సరస్సు. అక్కడ పీహెచ్ 9 దగ్గర, ఆల్కలినిటీ 300 పైన. రెండూ మంచినీటి సరస్సులే కనుక ఆఫ్రికన్ చేపలకు కల్లుప్పు వెయ్యాలన్న మాట పట్టించుకోకండి. వాటికి కావాల్సింది కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్. సోడియం క్లోరైడ్ ఈ మూడింటిలో దేనికీ బదులు కాదు.

అయితే మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయన్న మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. సముద్రం దగ్గర బోర్లలో గట్టిదనం (కాల్షియం, మెగ్నీషియం) వేరు, ఉప్పదనం వేరు. నాలుకతో అది తేలదు, చేతి టీడీఎస్ మీటరుతోనూ తేలదు. ఆ మీటరు ఏ లవణమైనా ఒకే లెక్కలో చూపిస్తుంది. ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లకు ఉన్న వసతి హైదరాబాదు వాళ్లకు కూడా లేదు. రొయ్యల రైతుల కోసం నడిచే ఆక్వా ల్యాబ్‌లు కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఉన్నాయి. మీ బావగారు గుంట నీళ్లు చూపించే చోటికే రెండు లీటరు సీసాలు పట్టుకెళ్లండి. ఒకటి ట్యాంకు నీళ్లు, ఒకటి బోరు నీళ్లు. సీసా అంచు దాకా నింపి, గాలి లేకుండా మూత పెట్టండి. బోరు నీళ్లను మాత్రం ముందు ఒక రోజు బకెట్లో ఎయిర్ స్టోన్ పెట్టి ఆడించి ఆ తర్వాత పట్టండి. భూమి లోపలి నీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటుంది కాబట్టి అప్పుడే తోడిన నీళ్లు పీహెచ్ తక్కువ చూపిస్తాయి, గాలి ఆడాక అసలు లెక్క బయటపడుతుంది. ఇవి మంచినీటి చేపల కోసం అని ల్యాబ్‌లో చెప్పండి. పీహెచ్, ఆల్కలినిటీ, మొత్తం గట్టిదనం, సెలినిటీ (ఉప్పదనం), అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ అడగండి.

బోరు నీళ్లలో ఆల్కలినిటీ 120 నుంచి 300, గట్టిదనం 100 నుంచి 400, సెలినిటీ 1 పీపీటీ (లీటరుకు ఒక గ్రాము) లోపు, నైట్రేట్ 40 లోపు ఉంటే ఏమీ కలపకుండా అలాగే వాడుకోవచ్చు. అంతకన్నా ఎక్కువగా ఉంటే అప్పుడు క్యాను నీళ్లు అక్కరకొస్తాయి. ఆల్కలినిటీ 400 ఉన్న బోరు నీళ్లలో సగానికి సగం ఆర్‌ఓ నీళ్లు కలిపితే 200కి దిగుతుంది, ఉప్పు కూడా సగమవుతుంది. ఏ పాళ్లు కుదిరితే ఆ పాళ్లనే ఎప్పుడూ పాటించండి. ఒక వారం ఒకలా, మరో వారం ఇంకోలా పోయడమే ప్రమాదం.

ట్యాంకు నీళ్ల రిపోర్టును బట్టి ఏం చెయ్యాలో మారుతుంది. పీహెచ్ 8 దగ్గర ఉండి అమ్మోనియా కనిపిస్తే వెనకాడకండి. ఒక రోజు గాలి ఆడించిన బోరు నీళ్లతో సగం ట్యాంకు వెంటనే మార్చండి, ఇక్కడ పీహెచ్ తేడా లేదు కనుక మార్పు మేలే చేస్తుంది. పీహెచ్ ఇంకా 7 లోపే ఉండి అమ్మోనియా 1 పీపీఎం పైన ఉంటే దారి వేరు. ముందు జియోలైట్ గుళికలు 200 గ్రాములు బాగా కడిగి, వల సంచిలో కట్టి ఫిల్టర్ నీళ్లు పారే చోట పెట్టండి. ఇది ఆక్వా షాపుల్లోనే దొరుకుతుంది, పొడి కాకుండా గుళికలు అడగండి. ఉప్పు లేని నీటిలో అది అమ్మోనియాను పట్టుకుంటుంది. ట్యాంకులో ఉప్పు వేస్తే పట్టినదాన్ని తిరిగి వదిలేస్తుంది, కల్లుప్పు వద్దనడానికి ఇది ఇంకో కారణం. జియోలైట్ పెట్టిన మర్నాటి నుంచి రోజుకు 20 లీటర్లు తీసి, 20 లీటర్ల బోరు నీళ్లు చుక్కలుగా పోయండి. ట్యాంకు కన్నా ఎత్తులో బకెట్ పెట్టి, ఎయిర్ ట్యూబుకు వదులుగా ముడి వేసి, రెండు మూడు గంటల్లో బకెట్ ఖాళీ అయ్యేట్టు సర్దుకుంటే చాలు. రోజూ పీహెచ్, అమ్మోనియా రెండూ చూడండి. పీహెచ్ పెరుగుదల రోజుకు 0.3 మించకూడదు. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే ఆ రోజుకు ఆపెయ్యండి. వారం పది రోజుల్లో ట్యాంకు బోరు నీటి పీహెచ్‌కు దగ్గరవుతుంది. బాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి అంతకన్నా ఎక్కువ, మూడు నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్లూ మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడే.

తర్వాత మామూలు పద్ధతి ఇది. ఒక 100 లీటర్ల డ్రమ్ము ట్యాంకు పక్కనే పెట్టుకోండి. బోరు నీళ్లు పట్టి రాత్రంతా ఎయిర్ స్టోన్‌తో ఆడించి, వారానికి ఒకసారి 60 లీటర్లు మార్చండి. నేరుగా పైపుతో పోసే బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఇనుము ఉంటే అది కూడా డ్రమ్ములోనే అడుగుకు చేరుతుంది. ఎప్పుడైనా మునిసిపల్ నీళ్లు వాడాల్సి వస్తే క్లోరిన్ పోవడానికి 100 లీటర్లకు సోడియం థయోసల్ఫేట్ 1 గ్రాము చాలు. రొయ్య హేచరీల్లో బ్లీచింగ్ విరగ్గొట్టడానికి వాడే పలుకులే ఇవి. ఎండాకాలంలో ఆవిరై తగ్గిన నీటిని మాత్రం క్యాను నీళ్లతో నింపండి. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. ఆ లోటు కూడా బోరు నీళ్లతోనే పూడిస్తే మే నెలాఖరుకు ట్యాంకు నీళ్లు చాలా బరువెక్కుతాయి.

ఎప్పుడైనా ఆల్కలినిటీ తగ్గిందని తేలితే వంట సోడా పనికొస్తుంది. 100 లీటర్లకు 10 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ సుమారు 60 పీపీఎం పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో విడతలుగా, నీళ్లలో కరిగించి పోయండి. సున్నం మాత్రం ఎప్పుడూ వద్దు. గుంటకు వేసే లెక్క వేరు, 200 లీటర్ల ట్యాంకులో ఒక చెంచా సున్నం పీహెచ్‌ను చేపలు తట్టుకోలేనంత పైకి తీసుకుపోతుంది.

ఇప్పుడు జబ్బు చేప సంగతి. తినడం మానేసి, పొట్ట ఉబ్బి, తెల్లటి దారం లాంటి మలం వేస్తున్న ఆరేటస్‌కు వచ్చింది మలావీ బ్లోట్ అని పెంపకందార్లు పిలిచే జబ్బు. చెడిన నీళ్లు, తరుముళ్లు, సరిపడని మేత కలిసినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది, మీ ట్యాంకులో ఆ మూడూ ఉన్నాయి. ఆరేటస్ లాంటి ఎంబూనా చేపలు సరస్సులో రాళ్ల మీది పాచిని గీరుకుని తినేవి, వాటి పేగు పొడవు. వనామీ ఫీడ్ రొయ్య గంటల తరబడి కొరుక్కుంటూ తినడానికి, నీళ్లలో విడిపోకుండా, అడుక్కి దిగేట్టు చేసినది. చేపల మాంసకృత్తులు, కొవ్వు కలిసిన మేత అది. రాళ్ల సందుల్లోకి జారిన గుళిక చేప నోటికి అందకుండా అక్కడే కుళ్లుతుంది. ఇక ఆ మేత పూర్తిగా ఆపెయ్యండి.

ఆరేటస్‌ను వేరే టబ్బులోకి మార్చండి. 60 లీటర్లు ఎప్పటికప్పుడు ఆడించిన నీళ్లు, ట్యాంకులో ఉన్నంతే పీహెచ్, వేడి, ఒక స్పాంజ్ ఫిల్టర్ లేదా ఎయిర్ స్టోన్, దాక్కోవడానికి ఒక పైపు ముక్క ఉండాలి. 20 లీటర్లకు ఒక టీస్పూన్ చొప్పున ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, కల్లుప్పు కాదు) కరిగించి పోయండి. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పొడి చేసి అదే 60 లీటర్లలో కలపండి. రోజు విడిచి రోజు మూడు సార్లు, ప్రతిసారీ వేసే ముందు మూడో వంతు నీళ్లు మార్చి, మార్చిన నీటికి సరిపడా ఎప్సమ్ సాల్ట్ కలిపి పోయండి. ఈ మందు వెలుతురుకు చెడుతుంది, టబ్బు మీద గుడ్డ కప్పి ఉంచండి. మాత్రలు పశువుల డాక్టరును అడిగి తీసుకోండి. పొట్ట బాగా ఉబ్బి, పొలుసులు లేచి నిలబడిన చేప చాలావరకు బతకదు. తినడం మానేసిన రెండు మూడు రోజుల్లోనే మొదలుపెడితేనే ఈ వైద్యానికి ఫలితం ఉంటుంది. మందు పెద్ద ట్యాంకులో వెయ్యనక్కరలేదు.

మిగతా వాటికి స్పిరులినా పాచి కలిసిన 1 నుంచి 2 మిల్లీమీటర్ల గుళికలు రోజుకు రెండుసార్లు, ఒక నిమిషంలో తినేసేంత. వారానికి ఒక రోజు ఉపవాసం. పాలకూర ఆకు వేడినీళ్లలో ముంచి తీసి రాయికి కట్టి పెడితే పీక్కుని తింటాయి. పచ్చి బఠాణీ ఉడికించి తొక్క తీసి నలిపి వెయ్యొచ్చు. పసుపు చేప, పీకాక్ పురుగులు కూడా తినే జాతులు కనుక వారానికి ఒకసారి శుభ్రమైన పచ్చి రొయ్య తరిగి రెండు మూడు ముక్కలు వేసినా తప్పు లేదు. బ్లడ్‌వర్మ్స్, ట్యూబిఫెక్స్ పురుగులు అలవాటు చెయ్యకండి.

గొంతు ఉబ్బిన పసుపు చేప తల్లి కాబోతోంది. ఈ జాతిలో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఉబ్బు పొట్టలో కాకుండా కింది దవడ సంచిలో ఉంటుంది. నోరు పూర్తిగా తెరవదు, అప్పుడప్పుడు నమిలినట్టు దవడలు కదుపుతుంది, కళ్లు చురుగ్గా ఉంటాయి, మామూలుగా ఈదుతుంది. బ్లోట్ వచ్చిన చేప మూలన ముడుచుకుని ఉంటుంది. పొదుగు మొత్తం సుమారు మూడు వారాలు, కొన్ని నాలుగు వారాలు కూడా మోస్తాయి. అన్నాళ్లూ తినదు, అది సహజం. మీరు పది రోజులన్నారు కాబట్టి ఇంకో వారం ఆగి, రాత్రి దీపాలు ఆర్పాక మెల్లగా వలతో పట్టి 30 లీటర్ల చిన్న ట్యాంకులోకి మార్చండి. తొందరపడి పట్టుకుంటే భయంతో గుడ్లు ఊసేస్తుంది. పిల్లలను వదిలాక తల్లిని ఒక వారం విడిగా ఉంచి బాగా మేపి, తర్వాతే పెద్ద ట్యాంకులో వెయ్యండి. నీరసంగా వెళితే మిగతావి చితక్కొడతాయి. పిల్లలకు అదే గుళికను పిండిలా నలిపి రోజుకు మూడు సార్లు, స్పాంజ్ ఫిల్టర్ తప్ప ఇంకే ఫిల్టరూ వద్దు.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట, ఈ చేపలు ఒకచోట ఉండాల్సినవి కావు. ఫ్లవర్‌హార్న్ ఆఫ్రికా చేప కాదు. మధ్య అమెరికా సిక్లిడ్లను కలిపి మలేషియాలో 1990లలో తయారుచేసిన సంకరం. పెద్దదయ్యాక మిగతా అన్నిటినీ చంపగలదు, ఒంటరిగానే పెంచాలి. ఫ్రంటోసా 30 సెంటీమీటర్ల దాకా పెరిగే నిదానమైన చేప, గుంపుగా 6 అడుగుల ట్యాంకులో ఉండాలి, రాత్రిళ్లు చిన్న చేపలను మింగుతుంది. ఆరేటస్ మలావీ చేపల్లోనే బాగా దుందుడుకు జాతి. పసుపు, నలుపు చారలతో ముద్దుగా కనిపించేవి పిల్లలూ ఆడవీ. ఎదిగిన మగది నల్లబడి ట్యాంకు మొత్తం తనదే అంటుంది. ఈ నాలుగింటినీ షాపుకు తిరిగి ఇచ్చెయ్యండి, జబ్బుది మాత్రం కోలుకున్నాకే ఇవ్వండి. తీసుకోకపోతే సరైన ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. చెరువులోనో, కాలువలోనో, పెన్నలోనో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి. జిలేబీ చేప కూడా ఆఫ్రికా సిక్లిడే, అది మన చెరువుల్లో ఎలా నిండిపోయిందో మీరు చూస్తూనే ఉన్నారు.

ఐదు పసుపు చేపలు, పీకాక్ మిగులుతాయి. రిపోర్టులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చి నిలిచాక, అంటే సుమారు రెండు నెలల తర్వాత, రస్టీ సిక్లిడ్ పిల్లలు ఆరు, ఏసీ పిల్లలు ఆరు ఒకేసారి తెచ్చుకోండి. రెండూ మలావీ చేపలే, రెండూ నెమ్మదైనవి. ఏసీ పై నీళ్లలో తిరుగుతుంది కనుక కింద రద్దీ తగ్గుతుంది. ఒక జాతిలో ఒక మగకు మూడు ఆడవి ఉండాలి. ఎదిగాక మగవి ఎక్కువైతే తీసెయ్యండి. చెన్నై కొళత్తూరులో కలగలుపుగా అమ్మే ఆఫ్రికన్ పిల్లలు చౌకగా వస్తాయి గానీ వాటిలో సంకరాలూ, ఆరేటస్ పిల్లలూ ఎక్కువ. జాతి పేరు చెప్పి ఇచ్చే వాళ్ల దగ్గరే కొనండి. మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి, తర్వాత రాళ్లన్నీ చోటు మార్చి, పాత చేపలకు మేత వేసి, దీపాలు ఆర్పి వదలండి. రాళ్లు కదిలితే పాతవాటి హద్దులు చెరిగిపోయి కొత్తవాటి మీద పడవు.

రాళ్లకు మార్కాపురం పలకరాయి ముక్కల కన్నా మంచివి లేవు. చదునుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చితే గుహలు వస్తాయి, నీటిలో ఏమీ కలవదు. తుప్పు మరకలు, లోహంలా మెరిసే గింజలు ఉన్నవి వదిలెయ్యండి. చీమకుర్తి గ్రానైటు తుంపులు కూడా సరే, పదునైన అంచులు అరగదీయాలి. ముందు అడుగు అద్దం మీద పలుచటి థర్మోకోల్ షీటు పరిచి, దాని మీద రాళ్లు పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోయండి. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద రాయి పెడితే కింద తవ్వి అద్దం మీద కూలదోస్తాయి. పెన్న ఇసుక సన్నగా జల్లించి, నీళ్లు తేటగా వచ్చే దాకా కడిగి, రెండంగుళాల మందం పోస్తే చాలు.

ఫిల్టర్ గంటకు 1500 నుంచి 2000 లీటర్లు తిప్పేది కావాలి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండి కడగండి, అన్నీ ఒకే రోజు కడగకండి. రోహిణి కార్తెలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి వల పరిచి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు దిగుతుంది. ఆ రోజుల్లో మేత సగం చెయ్యండి. తీరం వైపు హీటర్ అవసరం దాదాపు రాదు. ఎయిర్ పంపును మాత్రం ఇన్వర్టర్ లైనుకే కలపండి, అది లాగేది 5, 10 వాట్లే. మీది ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ అయి, రాత్రి కరెంటు పోయి నాలుగైదు గంటలు ఆగిపోతే, మళ్లీ నడిపే ముందు దాని లోపలి నీళ్లు బయటికి పారబోసి, కొత్త నీళ్లు నింపి, అప్పుడు స్విచ్ వెయ్యండి.